తొమ్మిదోవాడి కేక

కుహెలిన్‌ని కలవడానికి వచ్చేవాళ్ళు మామూలుగా పెరటి తలుపు తడతారు. ముందు తలుపు తడితే పొరుగువాళ్ళు చూస్తారు, నాలుక పోగొట్టుకున్న న్యాయమూర్తితో నీకేం పని అని ఆరా తీస్తారు. ఆ రోజు పొద్దున్నే జడివానలో వచ్చిన అమ్మాయి మాత్రం ముందు తలుపే తట్టింది. వీపున శాలువాలో పసివాణ్ణి కట్టుకుంది. చెప్పులు రెండూ తెగిపోయి చేతిలో ఉన్నాయి.

నాలుక పోవడమంటే ఎవరో కోసేశారని కాదు. మా కొండసీమ చట్టంలో న్యాయమూర్తి తప్పు తీర్పు చెప్పాడని చట్టపుస్తకం చూపించి రుజువు చేస్తే, అతను తన నాలుక వెల జరిమానాగా చెల్లించి పీఠం దిగిపోవాలి. ఇక జన్మలో తీర్పు చెప్పకూడదు. కుహెలిన్‌కి పదేళ్ళ కిందట ఆ గతే పట్టింది. విచిత్రమేమిటంటే, ఆ రోజు పుస్తకంలో పేజీ తీసి చూపించిన లేఖకుడు బ్లెథిన్ ఆ తరవాత ఏడాదికే మఠం వదిలిపెట్టి కుహెలిన్ దగ్గరికి వచ్చేశాడు. క్షమించమని అడగడానికి వచ్చినవాడు అక్కడే ఉండిపోయాడు. నలభై దాటిన మనిషి, లావు, కొండ ఎక్కమంటే ఏడుస్తాడు. తన గురువు అంతటి తెలివైనవాడు ఈ భూమ్మీద లేడని అతని నమ్మకం. ఆ మాట ఎవరూ అడగకపోయినా చెబుతాడు.

"కూర్చో అమ్మా. ముందు పిల్లవాడికి పాలు పట్టు, తరవాత చెబుదువుగాని," అన్నాడు కుహెలిన్.

"వాడు తాగాడండీ. నాకే గొంతు దిగట్లేదు." ఆమె పొయ్యి దగ్గర కూలబడింది. "నా పేరు పెర్వీర్. మా ఆయన కదివోర్‌ని చంపేశారు. జారిపడ్డాడని చెప్పి పాతిపెట్టేశారు. నన్ను కూడా ఊరొదిలి పొమ్మంటున్నారు."

"ఏ ఊరు?"

"నాంట్ కెలిన్ లోయ. ఊరంటే మాది కాదండీ. మావాళ్ళది ఒకప్పుడు. యుద్ధంలో తరిమేస్తే సముద్రపు ఒడ్డుకి పోయి బతికారు. ఎనిమిది తరాలు చేపలు పట్టుకునే బతికారు. మా ఆయన తొమ్మిదోవాడు."

ఆ మాట వినగానే కుహెలిన్ చేతిలోని మజ్జిగ గిన్నె కింద పెట్టాడు. బ్లెథిన్ అతని ముఖం వంక చూసి, మైనపు పలక తీసుకుని రాసుకోవడానికి సిద్ధమయ్యాడు.

"తొమ్మిదోవాడైతే కేక వెయ్యడానికి వచ్చుంటాడు," అన్నాడు కుహెలిన్ నెమ్మదిగా.

"అవునండీ. అదే."

పరాయి చోట ఎనిమిది తరాలు గడిచాక తొమ్మిదోవాడు వచ్చి భూమి అడిగితే, నీ హక్కు చచ్చిపోయింది పొమ్మంటారు. అప్పుడతను ఒక్క కేక వెయ్యవచ్చు. భూమి ఉన్నవాణ్ణి భూమి లేనివాణ్ణి అయిపోతున్నానని అరవవచ్చు. చట్టం ఆ కేక వింటుంది. విని, అక్కడ ఉంటున్నవాళ్ళలో ఒకడికి ఎంత వాటా ఉందో అంత వాటా అతనికీ ఇస్తుంది. పదోవాడు వచ్చి ఎంత అరిచినా వినదు. దానికి అగాధం మీది కేక అని పేరు. పొడి పొడిగా ఉండే మా చట్టంలోకి ఆ పేరు ఏ కథలోంచి వచ్చి కూర్చుందో ఎవరికీ తెలియదు. కుహెలిన్ కుర్రాళ్ళకి చట్టం నేర్పే రోజుల్లో ఆ ఒక్క చోట గొంతు బొంగురు పోయేదని చెప్పుకుంటారు.

"చలికాలం వచ్చిన తొమ్మిదో రోజున భూమి తగవులు మొదలవుతాయి కదండీ. మేం ముందు రోజే చేరుకున్నాం," అంది పెర్వీర్. "సభలో కవిగారు లేచి వంశం చదివారు. మా ఆయన పదోవాడని తేల్చారు. పదోవాడికి కేక కూడా లేదు, నోరు మూసుకో అన్నాడు హెయిలిన్. ఆ లోయంతా ఇప్పుడు అతని చుట్టాలదే. మా ఆయన మాత్రం, కవిగారు పెద్దమనిషి, రేపు ఇంటికెళ్ళి అడుగుతా, పొరపాటు పడుంటారు అన్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళాడు. మధ్యాహ్నానికి కొండ కింద బోర్లా పడి ఉన్నాడు."

"శవాన్ని నువ్వే కడిగావా?"

"నేనేనండీ. ముఖమంతా చితికిపోయింది. వీపు మీద మాత్రం ఒకటే దెబ్బ, ఇక్కడ." ఆమె చెయ్యి వెనక్కి తిప్పి భుజాల మధ్య చూపించబోయింది. పిల్లవాడు అడ్డొచ్చాడు. "గుండ్రంగా, కోడిగుడ్డంత ఉంది. రాయి గుచ్చుకుందన్నారు. బోర్లా పడినవాడికి వీపున రాయెలా గుచ్చుకుంటుందండీ?"

"మీ ఆయనకి తన వంశం వచ్చా?"

"నాకే వచ్చండీ. రోజూ అదే గోల." పెర్వీర్ కళ్ళు మూసుకుని జోలపాటలా చెప్పింది. "ఇద్వల్. రిన్, రివాలన్. మాదొగ్, మోరియన్. తెగ్వారెద్, త్రహాయర్న్. కనన్, కదివోర్."

కుహెలిన్ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిది.

"కేక కూడా సాధన చేశాడా?"

ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది. ఆ నవ్వు వెంటనే ఏడుపైంది. "వలలు ఆరేసే పాకలో రోజూ అరిచేవాడు. కొంగలన్నీ లేచిపోయేవి. చట్టంలో భూమి అని ఉంది కదా, ఈయన పొయ్యి అనేవాడు. పొయ్యి ఉన్నవాణ్ణి పొయ్యి లేనివాణ్ణి అయిపోతున్నాను అని. తప్పు చెబుతున్నావు, కుదరదు అన్నాను. భూమంటే నాకేం తెలుసే, పుట్టాక చూడలేదు, పొయ్యంటే తెలుసు అన్నాడు." ఆమె పిల్లవాణ్ణి ముందుకి తిప్పుకుంది. "ఎల్లుండి సభ మళ్ళీ కూర్చుని మాకేమీ లేదని రాసేస్తుంది. వీడు పదోవాడండీ. వాళ్ళ నాన్న కేక వెయ్యకుండానే పోయాడంటే వీడికి ఇక ఎప్పటికీ లేదు."

కుహెలిన్ లేచి మొలకి తాడు బిగించుకున్నాడు. "నేను తీర్పు చెప్పలేనమ్మా. ఏం జరిగిందో కనుక్కుని చెప్పగలను, అంతే. బ్లెథిన్, రొట్టెలు మూట కట్టు."

"కొండ ఎక్కాలా గురువుగారూ?" అన్నాడు బ్లెథిన్.

"రెండు."

బ్లెథిన్ నిట్టూర్చి ఇంకో రెండు రొట్టెలు మూటలో పడేశాడు.

* * *

హెయిలిన్ పశువుల్ని కోయించి చలికాలానికి ఉప్పు వేయిస్తున్నాడు. మోచేతుల దాకా నెత్తురుంది. వచ్చినవాళ్ళని చూసి చేతులు కడుక్కోలేదు.

"ఓహో, నాలుక లేని న్యాయమూర్తిగారు దయచేశారే. మాట్లాడకుండా ఎలా విచారిస్తారండీ, సైగలతోనా?"

"నువ్వు మాట్లాడతావుగా, నాకు అది చాలు," అన్నాడు కుహెలిన్. "కదివోర్ పడిపోయిన రోజు ఎక్కడున్నావు?"

"ఇక్కడే. ఇదే పని. ఏడుగురున్నారు, అడగండి. చూడండి, నేను చంపితే చంపానని నలుగురిలో చెప్పుకుంటాను. చంపి దాచిపెట్టడం దొంగల పని. నాకు ఆ ఖర్మేం పట్టలేదు. అయినా సభలో గెలిచినవాణ్ణి, వాణ్ణి చంపాల్సిన అవసరం నాకేంటి?"

"గెలిచావా? కవి ఏం చదివాడో గుర్తుందా?"

"ఎందుకుండదు? నా చెవులకి తేనె పోసినట్టుంది." హెయిలిన్ గొంతు సవరించుకుని, కవిగారిని వెక్కిరిస్తున్నట్టు దీర్ఘం తీస్తూ చెప్పాడు. "ఇద్వల్. రిన్, రివాలన్. మాదొగ్, మోరియన్. పాస్గెన్. తెగ్వారెద్, త్రహాయర్న్. కనన్, కదివోర్. పది. లెక్క మీరూ పెట్టుకోండి, వేళ్ళున్నాయిగా, నాలుక లేకపోయినా."

బ్లెథిన్ పలక మీద రాసుకుంటూ గురువు వైపు చూశాడు. కుహెలిన్ ఏదో చేదు తిన్నట్టు మొహం పెట్టి నిలబడ్డాడు. "ఆ పేరు మళ్ళీ చెప్పు," అన్నాడు.

"ఏ పేరు? పాస్గెనా? పాస్గెన్."

కుహెలిన్ వెనక్కి తిరిగి నడిచాడు. బ్లెథిన్‌కి అనుమానమొచ్చింది కానీ అడగడానికి ధైర్యం చాలలేదు.

ఊరి పశువుల కాపరి గుగాన్ ఎత్తు మీద గాలికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. మా దగ్గర ఊరి కాపరికి ఒక గౌరవముంది. తన మంద గురించి అతను ఒక్కడే చెప్పినా సభ నమ్ముతుంది. అందుకని గుగాన్ ఏ మాటైనా తూకం వేసి వదులుతాడు.

"కదివోర్ పడిన రోజు కొండ మీంచి కేక ఏమైనా విన్నావా?" అన్నాడు కుహెలిన్.

"మంద వింది. నేనూ విన్నా."

"మంద ఏం చేసింది?"

"మేత ఆపి కొండ వైపు తలలెత్తింది. మూడుసార్లు. మూడోసారి తరవాత మళ్ళీ తలదించుకుంది."

"మూడు కేకలా?"

"మూడు. ఒకే కేక మూడుసార్లు. పొడుగ్గా, సాగదీసినట్టు. మాటలున్నాయి దాంట్లో, గాలికి తెలియలేదు. తప్పిపోయిన ఆవుని పిలుస్తున్నారనుకున్నా."

"పడిపోతూ వేసిన కేక కాదా?"

గుగాన్ నేల మీద ఉమ్మి, ఆలోచించాడు. "ఈ కొండ మీంచి పడేవాళ్ళని ఇద్దర్ని విన్నానయ్యా నా జన్మలో. కెవ్వుమని ఒక్కటే, సగంలో తెగిపోద్ది. ఇది అలాంటిది కాదు. ఇది నిలబడి వేసింది. ఆనందంగా వేసినట్టుంది అని కూడా అంటాను, నవ్వకపోతే."

బ్లెథిన్ నవ్వలేదు. "మూడో కేక తరవాత ఇంకేమీ వినపడలేదా?" అని అడిగాడు.

"ఏమీ లేదు. అదే నాకు బాగోలేదు."

* * *

కవి మెయిరిగ్ ఇల్లు కొండకి అవతలి వాలులో, వాగు పక్కన ఉంది. నలభై ఏళ్ళుగా ఆ సీమలో కవిపీఠం అతనిదే. పెళ్ళికీ చావుకీ అతని పాట ఉండాల్సిందే. అంతకంటే ముఖ్యం, ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరికి ఏ పొలంలో వాటా వస్తుందో అంతా అతని తలలోనే ఉంది. కాగితం మీద లేదు. సభలో వంశం గురించి అతను చదివితే న్యాయమూర్తి కూడా ఎదురు చెప్పడు.

కుహెలిన్, మెయిరిగ్ ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. ఒకడు చట్టం వైపు వెళ్ళాడు, ఒకడు పాట వైపు. ఆ గురువు రెండూ ఒకే తీరున నేర్పేవాడు, మూడేసి ముక్కలుగా కట్టి, పాడి వినిపించి.

"ఒరేయ్ కుహెలిన్, ఎన్నాళ్ళకి రా." మెయిరిగ్ తలుపు దగ్గరే కావలించుకున్నాడు. ముసలాయన బాగా సన్నబడ్డాడు. "రా రా, కూర్చో. వీడెవడు, ఇంత తిండి పెడుతున్నావా?"

"మా బ్లెథిన్."

"కూర్చో నాయనా. పాస్గెన్, వీళ్ళకి తాగడానికి ఏమైనా పట్రా."

ఎవరూ రాలేదు. బ్లెథిన్ లోపలికి తొంగి చూశాడు. ఇంట్లో ఇంకో మనిషి ఉన్న జాడ లేదు. పొయ్యి మీద కుండ మాడి నల్లబడి ఉంది. మూలన వీణ, దాని పక్కన గోడకి ఆనించి కవిగారి కర్ర. చేతిపట్టు వెండిది, అడుగున గుండ్రటి కొమ్ము తొడుగు.

"కదివోర్ నీ దగ్గరికి వచ్చాడా?" అన్నాడు కుహెలిన్.

"ఎవరు?"

"కనన్ కొడుకు. నాంట్ కెలిన్ భూమి అడిగినవాడు."

"ఆ, సభలో చూశాను. మంచి కుర్రాడు. పాపం పదోవాడు." మెయిరిగ్ మోకాళ్ళు రుద్దుకున్నాడు. "ఎక్కడా తిరగడం లేదురా. వేసవి నుంచి కొండ ఎక్కలేదు. ఈ కాళ్ళు చూడు. అవునూ, వాడు బాగున్నాడా?"

"చనిపోయాడు, మెయిరిగ్."

"అయ్యో. ఎప్పుడు?"

కుహెలిన్ చెప్పాడు. మెయిరిగ్ తల పట్టుకుని, పాపం పాపం అని చాలాసేపు అనుకున్నాడు. తరవాత వీణ తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళు మాత్రం ఏమాత్రం ముసలివి కాలేదు.

"ఒక కొత్త పాదం వచ్చిందిరా, నాలుగు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఇంత మంచి పాదం ఇరవై ఏళ్ళుగా రాలేదు. విను." అతను తీగ మీటి, కళ్ళు మూసుకుని గొంతెత్తాడు. "పొయ్యి ఉన్నవాణ్ణి, పొయ్యి లేనివాణ్ణి అయిపోతున్నాను..."

బ్లెథిన్ చేతిలోని పలక కింద పడింది.

"బాగుందా?" అన్నాడు మెయిరిగ్ ఆశగా.

"చాలా బాగుంది," అన్నాడు కుహెలిన్.

"దీని తరవాతి పాదం ఎంత వెతికినా రావట్లేదు. అవునూ, ఆ నాంట్ కెలిన్ కుర్రాడు బాగున్నాడా?"

దారిలో బ్లెథిన్ ఆగలేకపోయాడు. "గురువుగారూ, ఆయనే కదా? ఆ పాదం కదివోర్ సొంతం. పొయ్యి అనేది అతను తప్ప ఇంకెవరూ అనరు. చట్టంలో భూమనే ఉంది. మరి మీరు వెంటనే ఎందుకు నిలదీయలేదు?"

"నిలదీస్తే ఏమొస్తుంది? నా స్నేహితుడు హంతకుడని తేలుతుంది, అంతే. ఆ పసివాడికి ఏమీ రాదు. వాడికి కావలసింది వాళ్ళ నాన్న కేక. అది విన్న మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడు రోజురోజుకీ మరిచిపోతున్నాడు." కుహెలిన్ గాలికి ముఖం తిప్పుకున్నాడు. "ఎల్లుండి దాకా గుర్తుండాలని దేవుణ్ణి ప్రార్థించు. మఠంలో ఉన్నావుగా, ఆయనకి నీ గొంతు తెలుసు."

* * *

సభ పొలంలోనే కూర్చుంది. న్యాయమూర్తి వీపు గాలికి తగలకుండా రాతిగోడ ముందు కూర్చున్నాడు. ఎడమవైపు హెయిలిన్, అతని చుట్టాలు. కుడివైపు పెర్వీర్ ఒక్కతే, ఒళ్ళో పిల్లవాడు. కుహెలిన్ మెయిరిగ్ చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. గుగాన్ మందని కుక్కకి అప్పజెప్పి వచ్చాడు.

"నీకిక్కడ తీర్పు చెప్పే హక్కు లేదు," అన్నాడు న్యాయమూర్తి. ఆయన ఒకప్పుడు కుహెలిన్ శిష్యుడే. అందుకే ఆ మాట కిందకి చూస్తూ అన్నాడు.

"తెలుసు. మాట్లాడే హక్కుంది. ముందు ఒక పద్యం గురించి మాట్లాడతాను." కుహెలిన్ రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "వంశాల్ని మన పెద్దలు ఊరికే జాబితాలా కట్టలేదు. మొదటివాడు ఇద్వల్‌ని పక్కన పెడితే మిగతావి జతలు జతలుగా, ఒకే అక్షరంతో మొదలయ్యేలా కట్టారు, ఒక పేరు పోయినా చేరినా చెవికి తెలిసిపోయేలా. రిన్, రివాలన్. మాదొగ్, మోరియన్. తెగ్వారెద్, త్రహాయర్న్. కనన్, కదివోర్. సభలో చదివినప్పుడు మధ్యలో ఒక పేరు ఒంటరిగా వచ్చింది. పాస్గెన్. దానికి జత లేదు. ఇక్కడున్న మీ అందరికీ చెవులున్నాయి. ఎవరూ అడగలేదు, ఎందుకంటే చదివింది మెయిరిగ్."

"లంచమిచ్చానంటారా?" హెయిలిన్ లేచాడు.

"కూర్చో హెయిలిన్. నువ్వు గర్వంగల మనిషివే కానీ ఈ తప్పు నీది కాదు. నువ్వు చెప్పినట్టే నీకు చంపాల్సిన అవసరం లేదు, నువ్వు గెలిచావు. ఓడిపోతానని భయపడ్డవాడు వేరే ఉన్నాడు." అతని గొంతు తగ్గింది. "పాస్గెన్ ఆ వంశంలోవాడు కాడు. మెయిరిగ్ కొడుకు. పందొమ్మిదేళ్ళకి జ్వరంతో పోయాడు. శవపేటికకి ఒకవైపు నేనే భుజం పట్టాను. ఆ పేరు కావాలని పెట్టింది కాదు. మతిమరుపులో వాళ్ళ నాన్న నోటికొచ్చింది. చచ్చిపోయిన ఒక బిడ్డ పేరు వల్ల ఇంకో బిడ్డ భూమి పోయింది."

మెయిరిగ్ తన పేరు విని తలెత్తాడు. చుట్టూ చూసి మళ్ళీ దించుకున్నాడు.

"కదివోర్ వచ్చి మర్యాదగా అడిగాడు. ఇద్దరూ కొండ ఎక్కుంటారు, లోయ చూసుకుంటూ పేర్లు చెప్పుకుందామని. అక్కడ ఏం జరిగిందో సగం నాకు తెలుసు. గుగాన్ మంద మూడుసార్లు తలెత్తింది, అంటే కదివోర్ నిలబడే అరిచాడు. పడేటప్పుడు అరవలేదు, అంటే పడతానని అతనికి తెలియదు. వీపు మీద దెబ్బ గుండ్రంగా గుడ్డంత ఉంది. మెయిరిగ్ కర్ర తొడుగు కొలత అంతే. మిగతా సగం ఇక్కడే ఒకరికి తెలుసు." అతను వెళ్ళి మెయిరిగ్ ముందు తడినేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "మెయిరిగ్, మన గురువుగారి దగ్గర చెప్పుకున్నట్టు చెప్పుకుందాం రా. నేను ఒకటంటాను, నువ్వు జత చెప్పు. ఇద్వల్. రిన్..."

"రివాలన్," అన్నాడు మెయిరిగ్ వెంటనే.

"మాదొగ్."

"మోరియన్."

కుహెలిన్ ఒక్క క్షణం ఆగాడు. "తెగ్వారెద్."

"త్రహాయర్న్."

"కనన్."

"కదివోర్." మెయిరిగ్ ముఖం మారింది. "తొమ్మిది. ఒరేయ్, తొమ్మిదేరా. ఆ కుర్రాడికీ చెప్పాను. నువ్వు తొమ్మిదోవాడివే నాయనా, నాదే పొరపాటు అని చెప్పాను."

"చెప్పాక ఏం చేశాడు?"

ముసలాయన కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. లోయ వైపు తిరిగాడు. నలభై ఏళ్ళు పెద్ద పెద్ద సావిళ్ళు నింపిన గొంతు అది, అంతటి గొంతుతోనూ అరిచాడు.

"పొయ్యి ఉన్నవాణ్ణి పొయ్యి లేనివాణ్ణి అయిపోతున్నాను. ఇద్వల్ వంశంలో తొమ్మిదోవాణ్ణి. వినండి."

మూడుసార్లు అరిచాడు. మూడోసారికి పెర్వీర్ పిల్లవాణ్ణి గుండెకి అదుముకుని నేల మీదికి వంగిపోయింది. ఆ గొంతు కవిది, కానీ ఆ సాగదీయడం, ఆ చివరి మాట దగ్గర విరుపు, అన్నీ ఆమె మొగుడివే.

"తరవాత?" అన్నాడు కుహెలిన్.

"లోయంతా వినేస్తుందనిపించింది. మెయిరిగ్ తప్పు చదివాడని అందరికీ తెలిసిపోతుంది. ఒక్క వంశం తప్పితే నేను చదివిన అన్ని వంశాలూ తప్పే అంటారు. ఆపాలనుకున్నాను. అంతే. కర్రతో..." అతను కర్ర వంక చూసుకున్నాడు. "ఆపరా అని పొడిచాను. ఆగిపోయాడు."

"చంపి దాచాడు," అన్నాడు న్యాయమూర్తి.

"మొదటి రోజు దాచాడు. రెండో రోజుకి మరిచిపోయాడనుకుంటాను," అన్నాడు కుహెలిన్. "ఆ లెక్క తేల్చడం మీ పని. నేనడిగేది ఒకటే. మనిషి తన నేరం ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలును ముక్కలు చెయ్యకూడదు. తీసుకుంటే మొత్తం తీసుకోవాలి. దాంట్లో కేక కూడా ఉంది. గుగాన్ కేక విన్నాడు, మెయిరిగ్ మాటలు విన్నాడు. ఇప్పుడు మీరంతా విన్నారు."

"భూమి అని అనలేదు. పొయ్యి అన్నాడు," అన్నాడు హెయిలిన్ చుట్టాల్లో ఒకడు.

"కూర్చోరా," అన్నాడు హెయిలిన్ తల తిప్పకుండా. "తాతల పొయ్యిలో బూడిద తీసి నిప్పు రాజేసినవాడిదే కదా భూమి. ఇంకేం మాట కావాలి నీకు?" అతను రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "గట్టుపక్క వాటా ఇవ్వండి. వాగుంది అక్కడ. పిల్లాడితో ఆమె దూరం నుంచి నీళ్ళు మొయ్యలేదు."

న్యాయమూర్తి కేక వినపడిందని ప్రకటించాడు. ఇకమీదట ఆ వంశంలో ఎవరు ఎంత అరిచినా వినపడదని కూడా చట్టం చెప్పినట్టే చెప్పాడు. కవిపీఠం ఆ రోజుతో ఖాళీ అయింది. చిందిన నెత్తురుకి పరిహారం సంగతి తేలేదాకా మెయిరిగ్‌ని చూసుకోవడానికి చుట్టాలెవరున్నారని అడిగితే ఎవరూ ముందుకి రాలేదు. నా ఇంట్లో ఉంటాడు అన్నాడు కుహెలిన్. బ్లెథిన్ చప్పున వెళ్ళి ముసలాయన వీణ భుజానికి తగిలించుకున్నాడు. కొండ ఎక్కాల్సి వస్తుందన్న మాట ఎత్తలేదు.

జనం లేచి వెళ్ళిపోతున్నారు. పెర్వీర్ ఇంకా అక్కడే నేల మీద ఏడుస్తూ ఉంది. మెయిరిగ్ ఆమెని చూసి ఆగిపోయాడు.

"ఒరేయ్, ఆ పిల్ల ఎందుకేడుస్తోంది? ఎవరైనా పోయారా?"

"వాళ్ళాయన," అన్నాడు కుహెలిన్.

"అయ్యో పాపం. ఇంత చిన్న వయసులో. ఎవరైనా పాడారా అతని కోసం?"

"లేదు."

"అలా ఎలా వదిలేస్తారు? నేను పాడతాను. ఏ వంశమో కనుక్కో, పేర్లతో మొదలుపెట్టాలి."

పెర్వీర్ ఆ మాటలు వింది. తలెత్తి ఆ ముసలివాణ్ణి చాలాసేపు చూసింది. ఆమె ఏం చేస్తుందోనని బ్లెథిన్ ఒక అడుగు ముందుకేశాడు. ఆమె లేచి పిల్లవాణ్ణి చంకనేసుకుని మెయిరిగ్ ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె ముఖంలో క్షమించిన జాడ లేదు.

"కదివోర్ అండీ. కనన్ కొడుకు," అంది. "పాడండి. ఆ తొమ్మిది పేర్లూ నా కొడుకు వినాలి. తప్పు పోకండి."

మెయిరిగ్ వీణ అందుకున్నాడు. ఇద్వల్ దగ్గర మొదలుపెట్టి, ఒక్క పేరు కూడా తప్పకుండా కదివోర్ దాకా పాడాడు.